గురి తప్పుతోందా? కొత్త రైఫిల్ కొనే ముందు ఇవి చూడండి

టెక్సాస్‌లో వైట్‌టెయిల్ జింకల సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. అక్టోబర్ రాగానే షూటింగ్ రేంజ్‌లో మనవాళ్లు కనిపిస్తారు, వాళ్లతోపాటు ఒకే ఫిర్యాదు కూడా వినిపిస్తుంది: "ఈ రైఫిల్ పనికిరాదండీ, మార్చేస్తా". ఇండియాలో వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. అందుకే మనలో చాలామందిమి ఇక్కడికి వచ్చాకే మొదటిసారి రైఫిల్ పట్టుకున్నాం. తప్పు వస్తువుదో మనదో తెలియదు. ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది. ఏది స్క్రూడ్రైవర్‌తో పోయే జబ్బో, ఏది రైఫిల్ ఎంపికలోనే జరిగిన పొరపాటో విడదీసి చెబుతాను.

ముందు ఒక మాట. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి రైఫిల్‌తో రేంజ్‌లో పేల్చినా ఇదే లెక్క, కాబట్టి లైసెన్సు తేదీ చూసుకోండి. ఇంకొకటి: కింద చెప్పిన ఏ పని మొదలుపెట్టినా, మ్యాగజైన్ తీసి, బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) బయటికి లాగి, బారెల్ ఖాళీగా ఉందని కంటితో చూశాకే.

వంద గజాల్లోనే చిల్లులు చెల్లాచెదురుగా పడుతున్నాయి

ఎంత చెదిరితే చెదిరినట్టు? మామూలు ఫ్యాక్టరీ రైఫిల్, మామూలు తూటాలు అయితే వంద గజాల్లో మూడు తూటాలు ఒకటిన్నర అంగుళంలోపు పడితే బాగున్నట్టే. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుంది. వేటకి రెండంగుళాల గ్రూప్ (చిల్లుల గుంపు వెడల్పు) వచ్చినా బెంగ అక్కర్లేదు. నాలుగైదు అంగుళాలు చెదిరితే మాత్రం ఎక్కడో తేడా ఉంది.

నేను చూసినంతలో ఎక్కువసార్లు తేలే కారణం వదులైన స్క్రూలే. పోయినేడాది ఒక మిత్రుడు ఆరంగుళాల గ్రూప్ చూసి, తొమ్మిది వందల డాలర్ల రైఫిల్‌ని అమ్మకానికి పెట్టేశాడు. స్కోప్‌ని (గురి చూసే దుర్బిణీ) పట్టి ఉంచే రింగులు గట్టిగానే ఉన్నాయి. రింగులు తీసి చూస్తే వాటి కింద, రింగుల్ని రైఫిల్‌కి కలిపే బేస్ స్క్రూలు రెండు వేలితో తిరుగుతున్నాయి. పైనున్నవి బిగించి కిందవి మరిచిపోవడం దుకాణాల్లో కూడా జరుగుతుంది.

అందుకని కింద నుంచి పైకి రండి. స్టాక్‌ని (భుజానికి ఆనించే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) యాక్షన్‌కి (బోల్ట్ కదిలే లోహపు భాగం) పట్టి ఉంచే స్క్రూలు, తర్వాత బేస్, ఆఖరికి రింగులు. చేతి అంచనా వద్దు, బిగువుని ఇంచ్ పౌండ్లలో చూపించే చిన్న టార్క్ రెంచ్ కొనండి. చాలా రింగులకు 15 నుంచి 20 ఇంచ్ పౌండ్లు చాలు, అంతకు మించితే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది. యాక్షన్ స్క్రూలకి మాత్రం తయారీదారు మాన్యువల్‌లో ఉన్న అంకే పాటించండి. అల్యూమినియం ఛాసీకి (లోహపు స్టాక్) సరిపోయే బిగువు చెక్క స్టాక్‌ని చితక్కొడుతుంది. బిగించాక స్క్రూ తల మీద నుంచి పక్కకి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. గీత తెగితే స్క్రూ కదిలినట్టే. మా ఇంట్లో ఆ సీసా ఇప్పుడు నా టూల్ బాక్స్‌లోనే ఉంటుంది.

స్క్రూలన్నీ సరిగ్గా ఉన్నా చెదురుతుంటే తూటా మార్చండి. ఒక్కో బారెల్‌కి ఒక్కో తూటా నచ్చుతుంది, ఎందుకని అడిగితే తిన్నగా జవాబు చెప్పగలిగేవాళ్లు తక్కువ. బరువు, తయారీ వేరువేరుగా ఉన్న మూడు రకాలు తెచ్చి ఐదేసి చొప్పున పేల్చండి. ఒకటి మూడంగుళాలు, ఇంకొకటి అంగుళం చూపించడం మామూలే. అప్పటికీ కుదరకపోతే అదే రైఫిల్‌ని అనుభవం ఉన్నవాళ్ల చేతికివ్వండి. వాళ్లకి అంగుళంలో పడ్డాయా? అయితే రైఫిల్ బాగానే ఉంది.

మొదటి రెండు ఒకే చోట, ఆ తర్వాతవి పైకి పాకుతున్నాయి

బారెల్ వేడెక్కి స్టాక్‌కి ఎక్కడో తగులుతోంది. ఒక కాగితాన్ని బారెల్‌కీ స్టాక్‌కీ మధ్య పెట్టి, ముందు కొస నుంచి యాక్షన్ దాకా లాగండి. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడే తగులుతోంది. చెక్క స్టాక్ తేమకి ఉబ్బినా, పల్చటి ప్లాస్టిక్ స్టాక్ బైపాడ్ (ముందుండే రెండు కాళ్ల ఆసరా) మీద వంగినా ఇదే జరుగుతుంది. శాండ్‌పేపర్‌తో ఆ చోట కొంచెం అరగదీయవచ్చు. కొన్ని పాత రైఫిళ్లలో బారెల్ ముందు భాగాన్ని కావాలనే స్టాక్‌కి ఆనించి తయారు చేశారు, వాటి జోలికి వెళ్లకండి. యాక్షన్ కుదురుగా కూర్చోకపోతే ఎపాక్సీతో బెడ్డింగ్ (స్టాక్‌లో అది కూర్చునే చోటుని నింపి సరిచేయడం) చేయించాలి, మొదటిసారి గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే మనిషి) చేత చేయించుకోవడం మేలు.

ఎక్కడా తగలకపోయినా పైకి పాకుతుంటే అది సన్నటి బారెల్ స్వభావం. ఇది జబ్బు కాదు. వేటలో లెక్కకొచ్చేది చల్లటి బారెల్ నుంచి వెళ్లే మొదటి తూటానే, అది ప్రతిసారీ ఒకే చోట పడితే చాలు. రేంజ్‌లో మూడు పేల్చి పది నిమిషాలు చల్లారనివ్వండి. ఒకే కూర్చోవడంలో నలభై పేల్చాలని ఉంటే మీరు ఎంచుకున్నది తప్పు రైఫిల్. దానికి లావు బారెల్ కావాలి, పదీ పన్నెండు పౌండ్ల బరువు మోయాలి. ఆ బరువుతో గుట్ట ఎక్కి జింక కోసం కూర్చోవడం ఎంత సరదాగా ఉంటుందో ఒక్కసారి ఎక్కితే తెలుస్తుంది.

తూటాలు కిందికీ పక్కకీ పోతున్నాయి, భుజం నొప్పి

మీరు పేలుడుకి ముందే ఉలిక్కిపడుతున్నారు. ఒప్పుకోవడం కష్టం, పట్టుకోవడం తేలిక. పక్కవాళ్లని మ్యాగజైన్ నింపమనండి, మధ్యలో ఎక్కడో ఒక డమ్మీ (పేలని) తూటా పెట్టమనండి, అది ఎక్కడుందో మీకు చెప్పొద్దనండి. డమ్మీ మీద ట్రిగ్గర్ నొక్కినప్పుడు బారెల్ కిందికి ముక్కు పొడిస్తే దొరికిపోయినట్టే.

మందు రెండు రకాలు. ఒకటి సాధన: డమ్మీలతో, భుజానికి తన్నుడు దాదాపు లేని .22 రైఫిల్‌తో, చెవులకి ప్లగ్గులూ మఫ్‌లూ రెండూ పెట్టుకుని. రెండోది ఎంపిక సరిదిద్దుకోవడం. ఆరున్నర పౌండ్ల తేలిక రైఫిల్‌ని .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే బలమైన తూటాకి కొనుక్కుని ఉలిక్కిపడకుండా పేల్చాలంటే చాలా కాలం పడుతుంది. టెక్సాస్ జింకకి అంత బలం అక్కర్లేదు. .243 విన్‌చెస్టర్, 7ఎంఎం-08, 6.5 క్రీడ్‌మూర్, వీటిలో ఏదైనా సరిపోతుంది. బారెల్ కొసకి మజిల్ బ్రేక్ (పేలుడు గ్యాస్‌ని పక్కలకి మళ్లించే ముక్క) బిగిస్తే తన్నుడు తగ్గే మాట నిజమే కానీ మోత పెరుగుతుంది, పక్క బెంచీవాళ్లు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

స్టాక్ పొడవు సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే అంచు దాకా మామూలు రైఫిల్లో దాదాపు పదమూడున్నర అంగుళాలు ఉంటుంది. ఐదడుగుల నాలుగంగుళాల మనిషికి అది ఎక్కువ. మెడ సాగదీసి కంటిని స్కోప్ దగ్గరికి తీసుకెళ్తారు, పేలగానే స్కోప్ అంచు కనుబొమ్మని కోస్తుంది. కంటికీ స్కోప్‌కీ మధ్య మూడు, మూడున్నర అంగుళాల ఎడం ఉండాలి. పొట్టిగా ఉన్నవాళ్లు స్పేసర్లు (మధ్యలో పెట్టే పలకలు) తీసి పొడవు తగ్గించుకునే స్టాక్ ఉన్న మోడల్ కొనాలి. రంగూ, బ్రాండూ తర్వాత.

వంద గజాల్లో ముచ్చటగా ఉంది, ఐదు వందల్లో ఆచూకీ లేదు

ఇక్కడ చిల్లులు ఏ దిక్కుకి పరుచుకున్నాయో చూడండి.

అడ్డంగా అయితే గాలి. గంటకు పది మైళ్ల అడ్డుగాలి ఐదు వందల గజాల్లో .308 విన్‌చెస్టర్ 168 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌ని ఇంచుమించు 20 అంగుళాలు పక్కకి నెడుతుంది. 6.5 క్రీడ్‌మూర్ 140 గ్రెయిన్‌ని ఇంచుమించు 15. దూరం పేల్చేవాళ్లు 2007లో వచ్చిన క్రీడ్‌మూర్ వైపు మళ్లడానికి ఈ ఐదంగుళాల తేడా ఒక కారణం. అయినా గాలి చదవడం రానివాళ్లకి ఏ క్యాలిబర్ కొన్నా ఫలితం అంతే.

నిలువుగా అయితే తూటాల వేగంలో తేడాలు. ఒకటి సెకనుకి 2,700 అడుగులు, ఇంకొకటి 2,650 పోతుంటే వంద గజాల్లో కనిపించదు. ఐదు వందల్లో మూడంగుళాలు, వెయ్యిలో అడుగు పైనే. మ్యాచ్ గ్రేడ్ తూటాలు (పోటీల కోసం ఒకే తీరుగా చేసేవి) వాడండి, క్రోనోగ్రాఫ్ అరువు తెచ్చి వేగం కొలవండి. స్కోప్‌లో పారలాక్స్ సర్దకపోయినా చెదురుతుంది. రైఫిల్ కదపకుండా తల కొంచెం అటూ ఇటూ జరపండి, గీతలు లక్ష్యం మీద తేలుతుంటే పక్క నాబ్ తిప్పి ఆపాలి.

స్కోప్ టరెట్ (గురి ఎత్తు సర్దే నాబ్) చివరిదాకా తిరిగిపోయి ఇంక ఎక్కడం లేదంటే అది వేరే సంగతి. వంద గజాలకి జీరో చేసిన (గురి కుదిర్చిన) క్రీడ్‌మూర్‌ని వెయ్యి గజాలకి ఎక్కించాలంటే సుమారు 30 ఎంఓఏ (కోణపు కొలత, ఒక్కోటి వంద గజాల్లో దాదాపు అంగుళం) కావాలి. చాలా వేట స్కోపుల్లో పైకి అంత చోటు మిగలదు. స్కోప్ కింద, ముందుకి వాలుగా ఉండే 20 ఎంఓఏ రైల్ బిగిస్తే సరిపోతుంది. కొత్త రైఫిల్ అక్కర్లేదు.

చిల్లు గుండ్రంగా లేదు, కోలగా ఉంది

ఇక్కడ మద్దెల నిజంగానే ఓడు. బుల్లెట్ తిన్నగా తిరగక పక్కకి పొర్లుతూ కాగితానికి తగులుతోంది. 12 అంగుళాలకి ఒక మెలి ఉన్న (లోపలి గాడులు అంత పొడవులో ఒక చుట్టు తిరిగే) పాత .223 బారెల్లో పొడుగాటి 75 గ్రెయిన్ బుల్లెట్ వేస్తే ఇలాగే అవుతుంది. 55 గ్రెయిన్‌కి దిగితే బాగవుతుంది. బరువైనవే కావాలంటే బారెల్ మార్చాల్సిందే. కొనేటప్పుడే బారెల్ మీద చెక్కిన మెలి అంకె చదవండి. 6.5 క్రీడ్‌మూర్‌కి 8 అంగుళాలకి ఒకటి ఉంటే ఏ బరువుకైనా ధైర్యంగా ఉండవచ్చు.

బోల్ట్ ఇరుక్కుంటోంది

కొత్త తూటా ఎక్కకుండా ఇరుక్కుంటే చాలాసార్లు మన చేతి పొరపాటే. బోల్ట్‌ని భయంభయంగా సగమే వెనక్కి లాగుతున్నాం. పూర్తిగా వెనక్కి, గట్టిగా ముందుకి. కానీ పేల్చిన తర్వాత హ్యాండిల్ పైకి లేవడానికి మొరాయిస్తే వెంటనే ఆపండి. లోపల ఒత్తిడి మితిమీరిందని అర్థం. సుత్తితో కొట్టడాలు, ఇంకొకటి పేల్చి చూడటాలు వద్దు. ఆ పెట్టెలో మిగిలిన తూటాలు పక్కన పెట్టి, ఖాళీ కేస్‌తో (పేలిన తూటా తొడుగు) సహా రైఫిల్‌ని గన్‌స్మిత్‌కి చూపించండి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే బారెల్ లక్ష్యం వైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగి, అప్పుడు బోల్ట్ తెరవండి. చలికాలంలో ఇది పదేపదే జరుగుతుంటే బోల్ట్ లోపల నూనె చిక్కబడి ఫైరింగ్ పిన్‌ని మందగింపజేస్తోంది. బోల్ట్ విప్పి, నూనె తుడిచేసి, పొడిగానే బిగించండి.