ఏటిలో ఎంత నీరు పారుతోందో కొలవడం ఎలా?

ఏటి మీద మోటార్లు పెట్టాలన్నా, చిన్న అడ్డుకట్ట వేయాలన్నా ముందు తేల్చుకోవాల్సింది సెకనుకు ఎంత నీరు పారుతోందని. చూపును నమ్మొద్దు. నిండుగా కనిపించేది కదలని మడుగు కావచ్చు. టేపు, తాడు, కొలకర్ర, సెకన్లు చూపే గడియారం, మూతలున్న ప్లాస్టిక్ సీసాలు చాలు. మనుషులు మాత్రం ఇద్దరుండాలి.

కనీసం 20 మీటర్లు తిన్నగా, రాళ్లూ తుంగా లేకుండా, ఒకే వెడల్పుతో పారే చోటు ఎంచుకోండి. వంపుల దగ్గర వద్దు. అక్కడ వడి బయటి ఒడ్డుకు చేరుతుంది, లోపలి ఒడ్డున నీరు వెనక్కి సుళ్లు తిరుగుతుంది.

తాడును ఏటికి అడ్డంగా బిగించి కట్టి, సమాన దూరాల్లో లోతు చూడండి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. కర్ర ఇసుకలో దిగబడితే లోతు ఎక్కువ చూపిస్తుంది, అందుకే కింద చిన్న పలక బిగించాలి. వడికి ఎదురువైపు నీరు కర్ర మీదికి ఎగబాకుతుంది, కాబట్టి పక్క నుంచి చదవాలి. 12 మీటర్ల వెడల్పులో ప్రతి 2 మీటర్లకు లోతులు 0.3, 0.5, 0.6, 0.4, 0.2 వచ్చాయనుకుందాం. మొత్తం 2.0. దాన్ని 2తో హెచ్చిస్తే అడ్డుకోత వైశాల్యం, అంటే ఏటిని అడ్డంగా కోసినట్టు చూస్తే నీరున్న మేర, 4 చదరపు మీటర్లు. సగటు లోతు కోసం 2.0ని 5తో భాగించారో, వైశాల్యం 4.8 అయి కూర్చుంటుంది. ఒడ్డుల దగ్గర లోతు సున్నా అని మరిచిపోవడం వల్ల వచ్చే తేడా ఇది. ఆ 20 మీటర్లు మొదలయ్యే చోటును మొదటి గీత, ముగిసే చోటును చివరి గీత అనుకుని, రెండు చోట్లా ఇలాగే కొలిచి సగటు తీసుకోండి.

ఇక వడి. సీసాలో ముప్పావు వంతు నీళ్లు పోసి మూత పెట్టండి. ఖాళీ సీసానైతే గాలి నెట్టుకుపోతుంది. మొదటి గీతకు కొన్ని మీటర్ల ఎగువనే వదలాలి, గీత దాటేసరికి ఏటి వడి అందుకుంటుంది. ఎడమ, నడుమ, కుడి పాయల్లో మూడేసి సార్లు వదలండి. ఎక్కడైనా తట్టుకుని ఆగితే ఆ లెక్క కొట్టేయండి.

సగటున 20 మీటర్లకు 40 సెకన్లు పడితే పైనీటి వడి సెకనుకు 0.5 మీటరు. అడుగునా ఒడ్డులనూ నీరు నెమ్మదిస్తుంది కాబట్టి దాన్ని 0.85తో హెచ్చించాలి. తక్కువ లోతు, రాళ్ల అడుగు ఉంటే ఇంకా తగ్గించాలి. 4 × 0.5 × 0.85 = 1.7 ఘనపు మీటర్లు, అంటే సెకనుకు 1,700 లీటర్లు, సుమారు 60 క్యూసెక్కులు. లోతైన చోటే వడీ ఎక్కువ కనుక, పాయకు పాయ విడిగా లెక్కకట్టి కలిపితే ఫలితం నిజానికి మరింత దగ్గరగా ఉంటుంది.

మోకాలి లోతు దాటి వడి ఉంటే దిగొద్దు. ఎగువన వాన పడుతున్నా, గేట్లు ఎత్తుతున్నా అంతే.

మోటార్ల సంఖ్యను నిర్ణయించాల్సింది ఏరు బాగా తగ్గిన రోజుల కొలతను బట్టే. ఒడ్డున గీతల కర్ర పాతి, కొలిచిన ప్రతిసారీ నీటి మట్టం రాసుకోండి. వేర్వేరు మట్టాల దగ్గర కొలతలు పోగయ్యాక కర్ర చూసే ప్రవాహం అంచనా కట్టొచ్చు. వరద వచ్చి అడుగు ఇసుక కోసుకుపోతే మాత్రం ఆ పట్టిక పనికిరాదు, మళ్లీ కొలవాల్సిందే.