గరాజ్‌ని అద్దె ఇల్లుగా మార్చాలంటే ముందు అద్దె ఎంతో తేల్చుకోండి

కాలిఫోర్నియాలో సొంతిల్లున్న తెలుగువాళ్ళు ఇద్దరు కలిస్తే చాలు, ఈమధ్య ఏడీయూ మాట వచ్చేస్తోంది. మన ఊళ్ళో వెనక పోర్షన్ అద్దెకిస్తామే, దాదాపు అలాంటిదే: ఉన్న స్థలంలోనే, పెరట్లోనో గరాజ్‌లోనో, సొంత వంటగది, బాత్‌రూమ్, వేరే గుమ్మం ఉన్న ఇంకో చిన్న ఇల్లు. చాలామంది ముందు ప్లాన్ గీయించుకుని, తర్వాత లోన్ కోసం పరిగెత్తి, ఖర్చు రాబట్టుకోవడానికి ఎంత అద్దె అడగాలో ఆఖర్న చూసుకుంటారు. అప్పటికి అది సాఫ్ట్‌వేర్ జీతం ఉన్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ అందని ఇల్లయిపోతుంది. మా అబ్బాయి స్కూల్లో పిల్లలకి భోజనం వడ్డించే ఆవిడ రోజూ ట్రేసీ నుంచి ఫ్రీమాంట్‌కి కారు నడుపుకుంటూ వస్తుంది, చీకటితోనే బయల్దేరుతుంది. అలాంటివాళ్ళు ఉండగలిగే ఇల్లు కట్టాలనుకుంటే లెక్క అద్దె దగ్గరే మొదలవ్వాలి.

2025లో రాష్ట్ర కనీస వేతనం గంటకి 16.50 డాలర్లు. వారానికి 40 గంటల చొప్పున ఏడాదంతా పనిచేస్తే 34,320. ఆదాయంలో 30 శాతం దాటకపోతే ఆ అద్దె అందుబాటులో ఉన్నట్టు అని ఇక్కడ లెక్క. అంటే ఒక్కరైతే నెలకి 858, భార్యాభర్తలిద్దరూ పనిచేస్తే 1,716. ఈ 1,716ని కాగితం మీద పైన రాసుకుని, కింద ఖర్చులు వేసుకుంటూ రండి.

గరాజ్ మార్చడానికి లక్షన్నర డాలర్ల అప్పు 20 ఏళ్ళకి 8 శాతం వడ్డీ మీద తీసుకుంటే నెలకి 1,255 దాకా కట్టాలి. ఆస్తి పన్ను విషయంలో భయపడక్కర్లేదు, ఆస్తి పన్నుకి హద్దు పెట్టిన ప్రాపొజిషన్ 13 అనే రాష్ట్ర నియమం వల్ల పాత ఇంటి విలువ ముట్టుకోరు, కొత్తగా కట్టినదాని విలువ మాత్రమే కలుపుతారు. 1.2 శాతం వేసుకుంటే నెలకి 150. ఇన్సూరెన్స్‌కీ రిపేర్లకీ కలిపి ఇంకో 150. మొత్తం 1,555. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుని నెలకి 143 పక్కన పెడితే చేతిలో మిగిలేది 18 డాలర్లు. తక్కువే, కానీ నెట్టుకురావచ్చు, 20 ఏళ్ళకి అప్పు తీరిపోయి ఇల్లు మీకు మిగులుతుంది. అదే పెరట్లో రెండు బెడ్‌రూముల ఇల్లు మూడు లక్షలు పెట్టి కట్టారనుకోండి, ఖాళీ నెల లెక్కలోకి తీసుకోకుండానే 2,959 అవుతుంది. తర్వాత ఎంత మంచి మనసున్నా దాన్ని 1,716కి ఇవ్వలేరు. అందుకే తక్కువ అద్దెకి ఇవ్వాలనుకునేవాళ్ళకి నేను గరాజ్ మార్చుకోండనే చెప్తాను. గోడలూ పైకప్పూ ఉన్నాయి, పోయిన కారు పార్కింగ్‌కి బదులు ఇంకోటి చూపించమని సిటీ అడగకూడదు. కొత్తగా కట్టాలనే ఉంటే 750 చదరపు అడుగుల లోపు ఆపండి, ఇంపాక్ట్ ఫీజులు (కొత్త ఇళ్ళ వల్ల రోడ్లూ పార్కుల లాంటివాటి మీద పడే భారానికి సిటీ వేసేవి) ఉండవు. పర్మిట్ ఫీజులు మాత్రం కట్టాలి.

ఇక డబ్బు. 2020, 21లో మూడు శాతం దగ్గర ఇంటి లోన్ దొరికినవాళ్ళు దాన్ని కదపొద్దు, క్యాష్ ఔట్ రీఫైనాన్స్ చేస్తే, అంటే పాత లోన్ తీర్చేసి ఇంకా పెద్ద లోన్ కొత్తగా తీసుకుంటే, పాత అప్పంతా కొత్త వడ్డీకి మారిపోతుంది. ఆ లోన్ అలాగే ఉంచి ఇంటి ఈక్విటీ (ఇంటి విలువలో అప్పు పోగా మీకున్న వాటా) మీద హీలాక్ (కావాల్సినప్పుడల్లా కొంచెం కొంచెం వాడుకునే అప్పు) గానీ హోమ్ ఈక్విటీ లోన్ గానీ రెండో అప్పుగా తీసుకోండి. హీలాక్‌లో పని జరిగేకొద్దీ వాడుకున్న డబ్బుకే వడ్డీ, అది సుఖం. కానీ వడ్డీ రేటు మారుతుంటుంది, చాలాచోట్ల మొదటి 10 ఏళ్ళు వడ్డీ మాత్రమే కట్టించుకుంటారు, ఆ చిన్న అంకెని చూసి బడ్జెట్ వేసుకుంటే తర్వాత అసలు కూడా కట్టడం మొదలైనప్పుడు టెన్షన్. పైన నేను అసలుతో కలిపే లెక్క వేసింది అందుకే. ఈక్విటీ లేనివాళ్ళకి ఎఫ్‌హెచ్ఏ 203కే లోన్ (ఇంటి కొనుగోలుకీ మరమ్మతులకీ కలిపి ఫెడరల్ ప్రభుత్వ హామీతో ఇచ్చేది) ఒక దారి. 2023 అక్టోబర్ నుంచి, దాంతో కట్టబోయే ఏడీయూకి రాగల అద్దెలో సగం మీ ఆదాయంగా చూపించుకోనిస్తున్నారు. రాష్ట్ర గృహరుణాల సంస్థ కాల్‌హెచ్ఎఫ్ఏ 40 వేల డాలర్ల దాకా ఇచ్చిన గ్రాంట్ గురించి ఇంకా అడుగుతుంటారు, 2023 విడత డబ్బు కూడా అయిపోయింది, దాన్ని నమ్ముకుని మొదలుపెట్టకండి. చేబదుళ్ళతో పని ఎత్తుకోవడం కూడా వద్దు. మొత్తం ఖర్చుకి ఇంకో 15 శాతం కలిపి చేతిలో ఉన్నాకే గోడ మీద సుత్తి వేయండి.

ఆ 15 శాతం ఎందుకో మా గరాజ్ మార్చేటప్పుడు మాకు మురుగు పైపు దగ్గర తెలిసింది. ముందే కెమెరా పెట్టి చూడకుండా పని మొదలుపెట్టాం, తవ్వితే పాత మట్టి పైపులోకి చెట్టు వేళ్ళు దూరి ఉన్నాయి, వీధి దాకా మార్చాల్సి వచ్చింది. ప్లాన్ గీయించుకోకముందే ప్లంబర్‌ని పిలిచి కెమెరా వేయించండి. కరెంటు ప్యానెల్ 100 ఆంప్స్‌దే అయితే పెంచాల్సి రావచ్చు, అదీ అప్పుడే చూపించుకోండి. ఇంకోటి, గరాజ్ నేల మట్టంగా ఉండదు. గోలీ ఒకటి వెనక గోడ దగ్గర పెట్టి వదిలితే మెల్లగా దొర్లుకుంటూ పెద్ద తలుపు దాకా వెళ్ళి ఆగింది మా గరాజ్‌లో. నీళ్ళు బయటికి పోవాలని అలా వాలుగా పోస్తారు, దాన్ని సరిచేయాలి, కింద తేమ రాకుండా షీటు వేయాలి. అవన్నీ వేశాక నేల నుంచి సీలింగ్‌కి కనీసం ఏడడుగులు మిగలాలి, కాబట్టి ముందే కొలుచుకోండి. నాన్నగారు ఫోన్లో ఈశాన్యంలో బాత్‌రూమ్ వద్దన్నారు, ఆయన మాట కోసం మార్చాం, పైపు పొడుగు పెరిగింది. వాస్తు చూసుకునేవాళ్ళు ఆ మాట డిజైనర్‌కి మొదటిరోజే చెప్పేయండి.

పర్మిట్‌కి పూర్తి అప్లికేషన్ అందాక సిటీ 60 రోజుల్లో తేల్చాలి, పొరుగువాళ్ళని పిలిచి హియరింగ్ పెట్టే పని లేదు. విడిగా కొత్తది కడితే పక్కనా వెనకా నాలుగడుగులు వదిలితే చాలు. సిటీలు ముందే ఆమోదించిన ప్లాన్లు ఉంచాలని చట్టం ఉంది, వాటిలో ఒకటి నప్పితే 30 రోజుల్లోనే అయిపోతుంది.

కాంట్రాక్టర్ లైసెన్స్ నంబర్ సీఎస్ఎల్‌బీ (కాంట్రాక్టర్లకి లైసెన్స్ ఇచ్చే రాష్ట్ర బోర్డు) వెబ్‌సైట్‌లో కొట్టి చూశాకే మాట్లాడండి. మా దగ్గరికి వచ్చిన ఒకాయన అడ్వాన్స్‌గా 20 శాతం అడిగాడు, మనిషి బాగానే అనిపించాడు, చెక్కు రాయబోయాం కూడా. ఇక్కడి చట్టం ప్రకారం అడ్వాన్స్ వెయ్యి డాలర్లు లేదా మొత్తంలో 10 శాతం, ఏది తక్కువైతే అదే. ఆ తర్వాత అయిన పనికే డబ్బు. ప్రతి చెక్కుతో పాటు సబ్‌కాంట్రాక్టర్ల నుంచీ సామాన్లు ఇచ్చినవాళ్ళ నుంచీ లియన్ రిలీజ్ (మాకు డబ్బు అందింది, మీ ఇంటి మీద హక్కు అడగం అనే కాగితం) తీసుకోండి, లేకపోతే ఆయన వాళ్ళకి డబ్బు ఎగ్గొడితే వాళ్ళు మీ ఇంటి మీద లియన్ వేస్తారు.

అద్దెకిచ్చేటప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో "తెలుగువాళ్ళకి మాత్రమే" అని పెడుతుంటారు. అది ఫెయిర్ హౌసింగ్ చట్టానికి విరుద్ధం, దయచేసి పెట్టకండి. సెక్షన్ 8 వోచర్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి అద్దెలో ప్రభుత్వం ఇచ్చే సాయం) ఉందని కాదనడం కూడా 2020 నుంచి కాలిఫోర్నియాలో కుదరదు, నిజానికి అది మీకే మేలు, అద్దెలో పెద్ద భాగం హౌసింగ్ అథారిటీ నుంచి నేరుగా వస్తుంది. ట్యాక్సుల్లో అద్దె ఆదాయం చూపించండి, కట్టిన ఖర్చుని 27.5 ఏళ్ళకి పంచి, ఏటా ఆ భాగాన్ని డిప్రిసియేషన్‌గా ఆ ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు.

ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అయ్యాక, అద్దెకొచ్చేవాళ్ళు దిగకముందు, ఒక రాత్రి మీరే అందులో పడుకోండి. వంట చేసుకోండి, స్నానం చేయండి. మేము అలా పడుకున్నప్పుడే మా ఇంట్లో వాషింగ్ మెషిన్ తిరుగుతున్న చప్పుడు గోడలోంచి తలకింద వినపడింది, మర్నాడే మనిషిని పిలిచి ఆ గోడ విప్పించి ఇన్సులేషన్ నింపించాం.