ల్యాండ్‌స్కేప్ ఫోటోలు తీసి తీసి బోర్ కొట్టేసిందా? మళ్ళీ ఉత్సాహం తెచ్చుకోవడం ఎలా?

కెమెరా బ్యాగ్ మూలన పడి రెండు నెలలైంది, తీద్దామని బయల్దేరినా ఏం చూసినా "ఇది ఇంతకుముందే తీశాం కదా" అనిపిస్తోంది. ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ దశ వస్తుంది, నాకూ చాలాసార్లు వచ్చింది. అప్పుడు వెంటనే తట్టేది కొత్త లెన్స్ కొందామనో ఎక్కడికైనా దూరం వెళ్దామనో, కానీ నాకైతే రెండూ పనిచెయ్యలేదు, ఎందుకంటే కొత్త చోటికి వెళ్ళినా చెయ్యి అలవాటైన పాత ఫ్రేమే పెడుతుంది. పనిచేసిందల్లా దగ్గర్లో ఉన్న ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం. అది ఎలా చెయ్యాలో నేను చేసిన వరసలోనే చెప్తాను.

స్టెప్ 1: ఒక చోటు పట్టుకోండి

ఇంటి నుంచి పావుగంటలో చేరుకునేదైతే చాలు, పెద్ద అందంగా ఉండక్కర్లేదు. చిన్న చెరువు, ఒంటరి చెట్టు, ఖాళీ మైదానం ఏదైనా సరే. వారానికొకసారి చొప్పున మూడు నెలలు అక్కడికే వెళ్ళండి. క్లాడ్ మొనే అనే ఫ్రెంచ్ చిత్రకారుడు 1890-91లో తన ఇంటి దగ్గర పొలంలో వేసిన కుప్పల్నే పాతిక దాకా బొమ్మలు వేశాడు, వెలుగు మారగానే ఆ కాన్వాస్ పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడట. ఆ బొమ్మల్ని పక్కపక్కన పెట్టి చూడండి, కుప్ప అదే, కానీ పొద్దున పూట ఒకటి, మంచులో ఒకటి, సాయంత్రం ఎర్రటి వెలుగులో ఒకటి, ఏ రెండూ ఒకలా ఉండవు.

స్టెప్ 2: వెళ్ళగానే కెమెరా తియ్యొద్దు

కనీసం 20 నిమిషాలు ఊరికే తిరగండి, కూర్చోండి. బయల్దేరే ముందు ఫోన్లో వేరేవాళ్ళ ఫోటోలు చూడకుండా ఉంటే ఇంకా మంచిది, చూశారంటే అవే ఫ్రేములు కళ్ళ ముందు తిరుగుతుంటాయి. నడుస్తుంటే ఎక్కడో కాలు ఆగుతుంది చూడండి, అక్కడ మిమ్మల్ని ఆపింది ఏంటో ఒక్క మాటలో చెప్పుకోండి, నీడ, మంచు, ఆ వంకర కొమ్మ, ఏదో ఒకటి. ఇక ఆ మాటకి పనికిరానిదంతా ఫ్రేమ్ లోంచి తీసెయ్యండి. ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన స్టెప్.

ఏన్సెల్ ఆడమ్స్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ 1927లో అక్కడి యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ అనే కొండని బ్లాక్ అండ్ వైట్‌లో తీసినప్పుడు చేసింది కూడా ఇదే. ముందు పసుపు ఫిల్టర్‌తో తీశాడు, కానీ ఆ కొండ ముందు నిలబడితే తనకి కలిగిన ఫీలింగ్ అందులో రాదని తెలిసిపోయి, మిగిలిన ఆఖరి ప్లేట్‌ని (అప్పట్లో ఫిల్మ్ బదులు వాడే గాజు పలక) ఎర్ర ఫిల్టర్‌తో తీశాడు, దాంతో ఆకాశం దాదాపు నల్లగా వచ్చి కొండ మొత్తం బరువుగా నిలబడింది. కంటికి కనిపించింది వేరు, తను తియ్యాలనుకున్నది వేరు, షట్టర్ నొక్కకముందే ఆ రెండోది మనసులో ఉంది.

స్టెప్ 3: చేతులు కట్టేసుకోండి

ఒక రోజుకి ఒక్క లెన్సే. ఎప్పుడూ వైడ్ లెన్స్ (ఎక్కువ దృశ్యం పట్టేది) వాడేవాళ్ళు దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించే 70-200 జూమ్ లెన్స్ తీసుకెళ్ళండి, చిన్న ముక్కలు ఏరుకోవడం అలవాటవుతుంది. మొత్తం 12 ఫోటోలే తియ్యాలని పెట్టుకోండి, పాత 120 అనే వెడల్పు ఫిల్మ్ రోల్ మీద చదరం ఫ్రేములైతే రోల్‌కి అన్నే వచ్చేవి. నీళ్ళున్న చోటైతే 10 స్టాప్ ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వచ్చే వెలుగుని దాదాపు వెయ్యో వంతుకి తగ్గించే నల్ల అద్దం) కూడా సరదాగా ఉంటుంది, షట్టర్ తెరిచి ఉండే 1/30 సెకను కాస్తా దాదాపు 34 సెకన్లు అవుతుంది, అంతసేపు ఏం చెయ్యలేక నిలబడి చూస్తూ ఉండటమే ఒక లాభం.

స్టెప్ 4: వాతావరణం బాలేని రోజే వెళ్ళండి

వాన పడి వెలిసి, రాత్రి ఆకాశం తేటపడి గాలి లేకపోతే తెల్లారేసరికి పొగమంచు వచ్చే అవకాశం బాగా ఉంటుంది, ఆ రోజు అలారం పెట్టుకోండి. వాన తర్వాత తడి ఆకుల్ని తీసేటప్పుడు లెన్స్‌కి పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) పెట్టి తిప్పితే తెల్లటి మెరుపు పోయి అసలు పచ్చదనం బయటపడుతుంది. చంద్రుడు కావాలంటే పౌర్ణమి ముందు రోజు చూడండి, సూర్యుడు అస్తమించకముందే చంద్రుడు పైకొస్తాడు కాబట్టి నేల మీద ఇంకా వెలుగుంటుంది, రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌లో కుదురుతాయి.

ఒకసారి సూర్యోదయం కోసం వెళ్తే తూర్పంతా బూడిద రంగు మబ్బు, గంట చూసి ట్రైపాడ్ మడిచి బ్యాగ్‌లో పెట్టేశాను. వెనక్కి తిరిగేసరికి మబ్బు సందులోంచి వెలుగు వచ్చి పడమటి వైపు గడ్డి మొత్తం రాగి రంగులో మండుతోంది, ఒక్కో పరక కొసన మంచు బొట్టు మెరుస్తోంది, నేను ట్రైపాడ్ మళ్ళీ విప్పే లోపే అయిపోయింది. అప్పట్నుంచి పది నిమిషాలకోసారి వెనక్కి తిరిగి చూడటం, అనుకున్న టైమ్ కంటే అరగంట ఎక్కువ ఉండటం అలవాటు చేసుకున్నాను.

స్టెప్ 5: ప్రింట్ తీసి గోడకి అంటించండి

తీసిన ఫోటోల్ని ఒక నెల ముట్టుకోకుండా ఉంచండి, ఆ రోజు పడ్డ కష్టం మర్చిపోయాక చూస్తే ఏది బాగుందో తెలుస్తుంది. బాగున్న పాతికని చిన్న సైజులో ప్రింట్ తీయించి వరసగా అంటిస్తే మీ అలవాటు మీకే కనిపిస్తుంది. నా వాటిలో సగానికి పైగా కింద రాయి, మధ్యలో నీళ్ళు, పైన ఆకాశం. కనిపించిన ఆ అలవాటుని తర్వాతి మూడు వారాలు పూర్తిగా మానేసి తియ్యండి.

నేను ఆకాశం మానేసి వెళ్ళిన మొదటి రోజు చాలాసేపు ఏం దొరకలేదు. తర్వాత చెరువు గట్టున వంగి చూస్తే, రోజూ తీసే ఆ ఎండు చెట్టే నీళ్ళలో తలకిందులుగా ఉంది, గాలి తగిలినప్పుడల్లా కొమ్మలు ముక్కలు ముక్కలై మళ్ళీ అతుక్కుంటున్నాయి. ఆ రోజు 12 ఫోటోలూ దానివే తీశాను.