తాళంచెవులకి నకళ్లు కోసే మిషన్ కొనేముందు

కొత్త మిషన్ మీద కోసిన చెవి తాళంలో సగం తిరిగి ఆగిపోతే ఆ చిరాకు ఇంతా అంతా కాదు. అందుకే మిషన్ చూడ్డానికి వైజాగ్ పూర్ణా మార్కెట్‌కి వెళ్లినప్పుడు కొత్త తాళం ఒకటి జేబులో వేసుకెళ్లాను.

ఒకే రకం బ్లాంకులు (ఇంకా కోయని చెవులు) 2 తీసుకుని, మిషన్‌లో చెవుల్ని బిగించే రెండు పట్టుల్లోనూ భుజాలు (చెవి తల కింద పొడుచుకొచ్చిన అంచులు) ఒకేలా ఆనేట్టు బిగించండి. ప్లగ్ తీసేసి, గైడ్‌ని (అసలు చెవి అంచు వెంట నడిచే మొన) మొదటి బ్లాంకుకి ఆనించి, కట్టర్‌ని (కోసే చక్రం) చేత్తో తిప్పండి. కట్టర్ రెండో బ్లాంకుని గీరీగీరనట్టు తాకాలి. లోతుగా కొరికినా, అసలు తాకకపోయినా అక్కడే సరిచేయించండి. సరిచేసే స్క్రూ లేని మిషన్ మాత్రం వద్దు.

తర్వాత అసలు చెవికి నకలు, ఆ నకలుకి ఇంకో నకలు కోయించండి. రెండో నకలు కూడా తాళంలో సాఫీగా తిరిగితే తీసుకోవచ్చు.

అరిగిన చెవితో చూస్తే ఈ పరీక్ష తప్పుతుంది. పళ్లకి బదులు గుంటలుండే చెవులకి, కార్ల లేజర్ చెవులకి (పక్కల మీద గాడి కోసినవి) వేరే మిషన్లుంటాయి. ఇంకోటి, మన వైజాగ్ ఉప్పుగాలికి పట్టులు తుప్పెక్కుతాయి, రోజూ కోతలో రాలిన లోహపు రజను దులిపి నూనెగుడ్డతో తుడవండి.