వైరస్ పోయినా ఆగని బ్లూ స్క్రీన్

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక కొట్టు బిల్లింగ్ సిస్టమ్ ఇది. వైరస్ తీసేశాక కూడా బ్లూ స్క్రీన్ (విండోస్ క్రాష్ అయినప్పుడు వచ్చే నీలి తెర) వస్తూనే ఉంది. స్కానర్ వైరస్‌ను తీసేస్తుంది గానీ, అది పాడుచేసిన విండోస్ ఫైళ్లను సాధారణంగా బాగుచేయదు. అందుకే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి విండోస్‌లోనే ఉండే రెండు రిపేర్ కమాండ్లు, ముందు డిస్మ్ (DISM) రిస్టోర్‌హెల్త్, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ (SFC) స్కాన్‌నౌ నడిపాను. ఆ వరుస ముఖ్యం: ఎస్‌ఎఫ్‌సీ మంచి ఫైళ్లు తెచ్చుకునే నిల్వనే డిస్మ్ సరిచేస్తుంది.

క్రాష్‌లు తగ్గాయి, పోలేదు. క్రాష్ అయినప్పుడు విండోస్ రాసిపెట్టే మినీడంప్ ఫైళ్లను, వాటిని చదివి చూపే బ్లూస్క్రీన్‌వ్యూ అనే టూల్‌లో తెరిస్తే ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరు: ఎప్పుడో అన్‌ఇన్‌స్టాల్ చేసిన పాత యాంటీవైరస్‌ది. మామూలు అన్‌ఇన్‌స్టాల్‌తో ఇలాంటివి మిగిలిపోతుంటాయి. సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైన డ్రైవర్లతోనే విండోస్ తెరుచుకునే పద్ధతి) ఆ యాంటీవైరస్ కంపెనీ రిమూవల్ టూల్ నడిపాక క్రాష్‌లు ఆగాయి.

డంప్‌లో ప్రతిసారీ వేరే పేరు కనిపిస్తే మాత్రం ర్యామ్‌ను అనుమానించాలి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంతా నడవనివ్వండి. మన ఎండల్లో సిస్టమ్ మధ్యాహ్నం పూట మాత్రమే ఆగిపోతుంటే ముందు ప్రాసెసర్‌ను చల్లబరిచే హీట్‌సింక్ దుమ్ము దులపండి.