అబర్డీన్‌లో కొత్తగా ఆఫ్‌షోర్ ఉద్యోగమా? చాపర్ ఎక్కే ముందు ఇవి తెలుసుకోండి

స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌కి, సముద్రంలోని ఆయిల్ రిగ్గుల మీద పనికి కొత్తగా వచ్చిన మనవాళ్లు ముందు ఇంటి అద్దె గురించి అడుగుతారు. తర్వాత పిల్లల బడి, కందిపప్పు దొరికే కొట్టు. రిగ్గుకి తీసుకెళ్లే చాపర్ (హెలికాప్టర్) మాట మాత్రం అన్నీ అయిపోయాక, ఫోన్ పెట్టేసే ముందు, కాస్త గొంతు తగ్గించి అడుగుతారు. అప్పటికే రాత్రంతా నెట్‌లో ప్రమాదాల గురించి చదివి ఉంటారు కూడా. రాజమండ్రి, కాకినాడ వైపు పనిచేసి వచ్చినవాళ్లయినా, ముంబై తీరంలోని ముంబై హై చమురు క్షేత్రంలో రోజూ చాపర్ ఎక్కినవాళ్లయినా ఇదే వరస. 2018లో ముంబై తీరం దగ్గర ఏడుగురు, 2022లో సాగర్ కిరణ్ రిగ్గు దగ్గర నలుగురు చాపర్ ప్రమాదాల్లో పోయిన సంగతి వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఏం కాదులెండి, రోజూ ఇంతమంది వెళ్తున్నారు" అని నేను చెప్పను. ఆ మాటతో ఎవరికీ ధైర్యం వచ్చినట్టు చూడలేదు. ఇక్కడ ఏం జరిగింది, ఆ తర్వాత ఏం మారింది, మీ చేతిలో ఉన్నది ఎంత అన్నవి తెలిస్తే భయం పూర్తిగా పోకపోయినా ఒక హద్దులో ఉంటుంది.

2009 ఏప్రిల్ 1న ఉత్తర సముద్రంలోని మిల్లర్ ఆయిల్ ప్లాట్‌ఫామ్ నుంచి తిరిగొస్తున్న సూపర్ ప్యూమా హెలికాప్టర్ స్కాట్లాండ్ తీరంలోని పీటర్‌హెడ్ దగ్గర సముద్రంలో కూలి 16 మంది చనిపోయారు. గేర్‌బాక్స్‌లో ఒక గేరు పగిలి రోటర్, అంటే పైన తిరిగే రెక్కల భాగం, ఊడిపోయింది. అంతకు వారం ముందే గేర్‌బాక్స్‌లో చిన్న లోహపు ముక్క దొరికింది. కానీ మెయింటెనెన్స్ వాళ్లకీ తయారీదారుకీ మధ్య విషయం సరిగ్గా అందక ఆ భాగాన్ని విప్పి చూడలేదు. 2016 ఏప్రిల్ 29న నార్వేలో, బెర్గెన్ దగ్గర టూరాయ్ అనే చోట, అదే కుటుంబానికి చెందిన ఈసీ225 హెలికాప్టర్ రోటర్ గాల్లోనే విడిపోయి 13 మంది పోయారు. అక్కడా గేరులో పగులే. ఈసారి ముందస్తు హెచ్చరిక కూడా రాలేదు. బ్రిటన్, నార్వే ఆ హెలికాప్టర్లను నేలమీదే ఆపేశాయి. 2017 జులైలో నిషేధం ఎత్తేసినా, కార్మికులు వాటిలో ఎక్కడానికి ఇష్టపడలేదు, ఆయిల్ కంపెనీలూ వాటిని మళ్లీ ఉత్తర సముద్రానికి తేలేదు. కార్మికులు ఎక్కడానికి ఇష్టపడకపోవడం నాకు పెద్ద విషయంగా తోస్తుంది. కాగితం మీద "సురక్షితం" అన్నంత మాత్రాన ఎక్కి కూర్చోం అని అన్నది రిగ్గు మీద పనిచేసేవాళ్లే. ఇప్పుడు మీరెక్కేది ఎస్-92, ఏడబ్ల్యూ139, ఏడబ్ల్యూ189, హెచ్175లలో ఏదో ఒకటి అయ్యుంటుంది.

ఇక్కడ మీ భయాన్ని రెండు ముక్కలు చేసుకోండి. గాల్లో రోటర్ ఊడిపోతే ప్రయాణికుడు చేయగలిగింది ఏమీ లేదు. ఆ భాగం డిజైన్ చేసేవాళ్లది, మెకానిక్‌లది, నియంత్రణ సంస్థలది. రెండో ముక్క హెలికాప్టర్ నీళ్లలో దిగడం, లేదా పడడం. ఇందులో మీ వంతు చాలా ఉంది. 2012లో రెండు ఈసీ225లు గేర్‌బాక్స్ లోపంతో సముద్రంలో దిగాల్సి వచ్చింది, రెండింటిలోనూ అందరూ బతికి బయటపడ్డారు. 2013 ఆగస్టు 23న షెట్‌లాండ్‌లోని సంబరో దగ్గర అలా కాలేదు. దిగే సమయంలో వేగం పడిపోతున్న సంగతి పైలట్లు సమయానికి గమనించలేదు. యంత్రంలో లోపమేమీ లేదు. నీళ్లలో పడగానే తలకిందులైంది. 18 మందిలో నలుగురు చనిపోయారు.

ఆ దర్యాప్తులో బయటపడ్డ ఒక సంగతి మొదటిసారి వెళ్లే ప్రతివాళ్లకీ చెప్తాను. సంబరో ప్రయాణికులు వేసుకున్న శ్వాస పరికరంలో సొంతంగా కొంత గాలి ఉంది. కానీ హెలిపోర్ట్‌లో చూపించిన వీడియోలో ఆ ముక్కే లేదు. నీళ్లలో మునిగే ముందు ఊపిరి పీల్చుకుంటేనే అది పనికొస్తుందన్నట్టు అర్థమయ్యేలా ఉంది. పరికరం ఒంటిమీదే ఉన్నా అందులో ఏముందో తెలియని పరిస్థితి. వీడియో వేసినప్పుడు పక్కవాళ్లు ఫుట్‌బాల్ స్కోరు మాట్లాడుకుంటుంటారు. మీరు మాత్రం చూడండి. ఏదైనా అర్థం కాకపోతే అక్కడే అడగండి, యాస గురించి మొహమాటపడొద్దు. స్కాట్లాండ్ యాస మనకి అర్థం కావడానికి ఎంత టైమ్ పడుతుందో వాళ్లకీ తెలుసు.

2014 ఫిబ్రవరిలో బ్రిటన్ పౌర విమానయాన సంస్థ పెద్ద సమీక్ష చేసి కొత్త నిబంధనలు పెట్టింది. సముద్రం మరీ ఉధృతంగా ఉంటే ఫ్లైట్ ఉండదు, ఎందుకంటే ఆ అలల్లో దిగితే తేలడం, రక్షించడం రెండూ కష్టం. అందరికీ కంప్రెస్డ్ గాలి ఉన్న, నీటి అడుగున కూడా నోట్లో పెట్టుకోగలిగే శ్వాస పరికరం వచ్చింది. 2015 నుంచి భుజాల వెడల్పు కూడా కొలుస్తున్నారు. 22 అంగుళాలు, అంతకుమించి ఉంటే పెద్ద కిటికీ పక్క సీటే ఇస్తారు. కొలుస్తుంటే ఎవరో వెక్కిరిస్తున్నట్టు అనుకోకండి. కిటికీలోంచి పట్టాలి కదా.

ఇక ట్రైనింగ్. బోసియెట్ (ఆఫ్‌షోర్‌కి వెళ్లేవాళ్ల ప్రాథమిక భద్రతా శిక్షణ) మూడు రోజులు, నాలుగేళ్లకోసారి దాని రిఫ్రెషర్. అందులో అందరికీ టెన్షన్ పెట్టేది కొలనులో హెలికాప్టర్ నమూనాలో కూర్చోబెట్టి తిరగేసే భాగం. ఈత రాకపోయినా ఫర్వాలేదు, ముందే ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పండి. నీళ్లలో డైవర్లు పక్కనే ఉంటారు. ఇంజిన్, గేర్‌బాక్స్ పైభాగంలో ఉంటాయి కాబట్టి హెలికాప్టర్ నీళ్లలో తిరగబడే అవకాశం ఎక్కువ, అందుకే ఇదంతా. తిరగబడ్డాక పైదేదో కిందదేదో తెలియదు, ముక్కులోకి నీళ్లు పోతాయి, కళ్లు తెరిచినా ఏమీ కనిపించదు. అందుకే ఒక చెయ్యి ముందు నుంచే కిటికీ అంచు మీద ఉండాలి. కుదుపు ఆగాక కిటికీ తోసేయాలి, ఆ తర్వాతే బెల్టు విప్పాలి. ముందు బెల్టు విప్పితే ఒళ్లు తేలిపోయి, తోయడానికి బలం దొరకదు. కొలనులో ఇది తప్పుగా చేస్తే ఏమీ కాదు, మళ్లీ చేయిస్తారు. ఒకటికి రెండుసార్లు చేయించమని మీరే అడగండి. ఆ మూడు రోజుల్లో సర్టిఫికెట్ ఒక్కటే కాదు, చెయ్యి ఎక్కడికి వెళ్లాలో కూడా నేర్చుకుని రావాలి.

అసలు చాపర్ ఎక్కాక కూర్చోగానే కిటికీ ఎటువైపుందో, దాన్ని తెరవడానికి లాగే పట్టీ ఎక్కడుందో ఒకసారి చేత్తో తడిమి చూసుకోండి. ఎవరూ నవ్వరు. పాతకాపులే ఎక్కువగా ఈ పని చేస్తారు.

ముంబై, కాకినాడ నుంచి వచ్చినవాళ్లు ఒక తేడా గుర్తుంచుకోవాలి. మన సముద్రం గోరువెచ్చగా ఉంటుంది, ఇక్కడ చలికాలంలో నీళ్లు ఆరేడు డిగ్రీలే. అందులో పడితే ఒళ్లు ఒక్కసారిగా ఊపిరి లాగుతుంది, పది ఇరవై సెకన్లు ఊపిరి బిగపట్టడం కూడా గగనం. శ్వాస పరికరం, చాపర్‌లో వేసుకునే సర్వైవల్ సూట్ (చలి నీళ్ల నుంచి కాపాడే దుస్తులు) రెండూ అందుకే. సూట్ లోపల పొరలు పొరలుగా బట్టలు వేసుకోవాలి. మెడ, మణికట్టు దగ్గర రబ్బరు సీలు ఒంటికి అతుక్కోవాలి. వాచీయో గుడిలో కట్టిన కంకణం దారమో దాని కింద ఉంటే నీళ్లకి దారి ఇచ్చినట్టే. దేవుడి దారం తీయడానికి మనసొప్పకపోతే మోచేతి పైకి కట్టుకోండి.

అబర్డీన్ విమానాశ్రయం ఉన్న డైస్‌లో హెలికాప్టర్ టెర్మినళ్లు మామూలు విమానాశ్రయ భవనంలో ఉండవు, కంపెనీ ఇచ్చిన అడ్రసు చూసుకుని వెళ్లండి. ముందురోజు రాత్రి మందు వద్దు, వాసన వస్తే వెనక్కి పంపేస్తారు. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రలు, ఆయుర్వేదం మందులతో సహా, చెక్-ఇన్‌లో చెప్పాలి. కోడీన్ ఉన్న దగ్గు మందులు డ్రగ్ టెస్టులో తేలతాయి.

అన్నీ చేశాక కూడా గుండె దడగానే ఉంటే దాచుకోకండి. వీసా కంపెనీ చేతిలో ఉందని చాలామంది నోరు మెదపరు, అర్థం చేసుకోగలను. అయినా ప్రతి ప్లాట్‌ఫామ్ మీదా పనివాళ్లు ఎన్నుకున్న సేఫ్టీ రెప్‌లు (భద్రతా ప్రతినిధులు) ఉంటారు. 1988లో ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా ఆయిల్ ప్లాట్‌ఫామ్ ప్రమాదంలో 167 మంది చనిపోయిన మరుసటి ఏడాది చట్టం ద్వారా వచ్చిన ఏర్పాటు అది. హెలికాప్టర్ గురించి ప్రశ్న ఉంటే సూపర్‌వైజర్ కంటే ముందు వాళ్లని అడగడం తేలిక.

ఇంట్లోవాళ్ల సంగతి చివరికి వదిలేస్తారు, అది పొరపాటు. కంపెనీ రికార్డుల్లో అత్యవసర కాంటాక్టుగా ఊళ్లో ఉన్న నాన్నగారి నంబరు ఒక్కటే ఇస్తే, అర్ధరాత్రి ఇంగ్లిష్‌లో ఫోన్ వస్తే ఆయనకి ఏం అర్థమవుతుంది? మొదటి పేరు ఇక్కడున్న మీ భార్యదో, భర్తదో, నమ్మకమైన స్నేహితుడిదో ఇవ్వండి. ఉత్తర సముద్రంలో హెలికాప్టర్ అని టీవీలో స్క్రోలింగ్ వచ్చిందంటే అమ్మ ఎవరికి ఫోన్ చేయాలో ముందే మాట్లాడుకోండి. వేసవిలో ఇండియాతో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటల తేడా అని కూడా చెప్పండి.

మరొకటి, ఇది భయం సంగతి కాదు గానీ డబ్బు పోతుంది. క్రూ చేంజ్, అంటే మీ షిఫ్టు ముగిసి రిగ్గు నుంచి ఒడ్డుకి వచ్చే రోజు, మర్నాడే హైదరాబాద్ టికెట్ పెట్టుకోకండి. సముద్రం మీంచి పొగమంచు వచ్చిందంటే, ఇక్కడ దాన్ని హార్ అంటారు, చాపర్లు గంటలు కాదు, రోజులే ఆగిపోవచ్చు. రెండు మూడు రోజుల ఎడం ఉంచుకోండి, లేదా తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొనండి.