ఐసు తీశాక ఆటగాణ్ని ఎప్పుడు బరిలోకి పంపాలి?

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో ఎవరి చీలమండ బెణికినా చుట్టూ ఉన్నవాళ్లు ముందు అనే మాట ‘ఐసు పెట్టండి’. పెట్టడం అందరికీ తెలుసు. తీశాక ఏం చేయాలో పట్టించుకునేవాళ్లు తక్కువ. ఆమదాలవలస దగ్గర పిల్లలకు కబడ్డీ నేర్పే వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఆ రెండో సంగతే చెప్పాలనుకుంటున్నాను.

చల్లదనానికి నరాల్లో సంకేతాల వేగం తగ్గుతుంది. నొప్పి తెలియకపోవడానికి ఒక కారణం అదే. చల్లబడిన కండరం బిగుసుకుంటుంది, దాని బలమూ చురుకూ కాసేపు తగ్గుతాయి. 20 నిమిషాలు ఐసు పెట్టి వెంటనే పరుగెత్తించి, దూకించి చూసిన చాలా పరిశీలనల్లో ఈ తగ్గుదల కనిపించింది. కీలు ఎంత వంగిందో, ఎటు తిరిగిందో పసిగట్టే శక్తి విషయంలో మాత్రం ఫలితాలు ఒకేలా లేవు. పిల్లల కాళ్ల దగ్గర నేను అదీ తగ్గుతుందనే లెక్కలో ఉంటాను.

గడ్డ ఐసు కీలు ఒంపుకు అంటుకోదు. దంచి కవరులో పోసి, గాలి తీసేసి ముడి వేయండి. తడి తువ్వాలు చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఉంచండి. ముందు చల్లగా, తర్వాత మంటగా, ఆపైన లాగుతున్నట్టుగా ఉండి, చివరికి మొద్దుబారుతుంది. మొద్దుబారగానే తీసేయండి. చర్మం తెల్లగా పాలిపోతే అంతకంటే ముందే తీయాలి. మోకాలికి బయటి పక్క, కాస్త కిందుగా చేతికి తగిలే ఎముక బొడిపె దగ్గర నరం చర్మానికి ఆనుకునే ఉంటుంది. అక్కడ ఐసు బిగించి కట్టకండి. పాదం పైకి లేవకుండా పోయే ప్రమాదం ఉంది. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు, చలికి వేళ్లు తెల్లబడేవారు డాక్టరును అడగకుండా ఐసు పెట్టుకోవద్దు.

దెబ్బ తిన్న కాలితో నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాల్సిందే. నిజంగా బెణికిన కాలికి ఆ రోజు ఆట లేదు.

చిన్న దెబ్బే అయితే, ఐసు తీశాక కనీసం పావుగంట నడిపించి ఒళ్లు వేడెక్కనివ్వండి. తర్వాత చెప్పులు లేకుండా ఆ ఒంటికాలి మీద నిలబెట్టండి, ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసి. మీరు నేల మీద కూర్చుని పాదాన్నే చూడండి. వేళ్లు నేలను గట్టిగా పట్టుకుంటున్నాయా? మడమ పక్కకు ఒరిగి, ఆలస్యంగా సర్దుకుంటోందా? రెండో కాలితో పోల్చండి. తేడా ఉంటే ఆగాలి. లేకపోతే ఒంటికాలి గెంతులు, పక్కకు పరుగు, ఉన్నట్టుండి ఆగడం చేయించి, ఆ తర్వాతే రైడ్‌కు పంపండి. పురుషుల మ్యాచ్‌లో విరామం 5 నిమిషాలే. అందులో ఐసు పెట్టించుకున్న రైడర్‌ను, జట్టు ఓడిపోయే స్థితిలో ఉన్నా సరే, రెండో సగం మొదట్లో నేను బరిలోకి దించను.

వాచిన మోకాలి సంగతి వేరు. వాపు ఉంటే తొడ ముందు కండరం పూర్తిగా బిగుసుకోదు, మెదడు పిలిచినా సరిగా పలకదు. మోకాలికి 20 నిమిషాల వరకు ఐసు పెట్టి వెంటనే వ్యాయామం చేయిస్తే ఆ కండరం కొంతసేపు మెరుగ్గా పనిచేస్తుంది. ఫిజియోథెరపిస్టు సలహాతో, కాలు చాపి మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కించి 5 సెకన్లు ఆపించండి. ఐసు మోకీలుకే పెట్టాలి, తొడ మీద వద్దు.